గడ్డి మీద నాలుగు చొక్కాలు

బాలింకాలిగ్, కార్క్
8 అక్టోబరు 2000

తుని పట్టణ వాస్తవ్యులు, కాలేజీ ఫిజికల్ డైరెక్టరు, మా అక్క సరోజిని చేతిలో యావజ్జీవ ఖైదీ అయిన శ్రీ రాజగోపాల్ బావగారికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: తుని మెయిన్ రోడ్డులో కొన్న పాండురంగ గారి నల్ల గొడుగు నిన్న మధ్యాహ్నం ఐర్లాండు గాలికి తిరగబడి వీరమరణం పొందినది. అంత్యక్రియలు బస్టాపు పక్కనున్న చెత్తడబ్బాలో నిరాడంబరంగా జరిగినవి. ఇకమీదట సదరు పాండురంగ తడుస్తూనే తిరుగును. ఎవరూ జాలి పడరాదు.

బావా, నవ్వింది చాలు. ఇప్పుడు విను.

మంగ పొద్దున్నే కంప్యూటర్ కంపెనీకి పోతుంది. పెళ్లాం వెనకాల వచ్చిన మొగుడికి ఇక్కడ పని చేసే అనుమతి లేదు. ఇంటర్ తప్పినవాడికి గవర్నమెంటు వారే కూర్చుని తినమని కాయితం ఇవ్వడం ఎక్కడైనా చూశావా? అన్నం వండి, వర్షితని బడిలో దింపి, ఊరి మీద పడతాను. ఊరి చివర కిల్‌బ్రాకన్ అని ఒక కాలేజీ ఉంది. వ్యవసాయం చదువు చెప్తారు. చాలా చిన్నది, మీ కాలేజీ సైకిల్ స్టాండులో సగం మంది ఉంటారేమో. దాని వెనక ఫుట్‌బాల్ గ్రౌండు. చుట్టూ క్రేన్లే, ఎటు చూసినా కంపెనీల అద్దాల మేడలు లేస్తున్నాయి. మధ్యలో ఆ పచ్చిక ఒక్కటీ ఎవరికీ లొంగకుండా పడుకుని ఉంది.

ఆ ఆట చూసి నా నోరు తెరుచుకుంది, వాన నీళ్లు పడేదాకా మూసుకోలేదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు బావా! నాలుగడుగులకోసారి నేలకేసి కొట్టాలి, లేదా కాలి వేళ్లతో తన్ని మళ్లీ తన చేతుల్లోకే తెచ్చుకోవాలి. ఒక్కో జట్టుకి పదిహేను మంది. గోల్ స్తంభాలు అడ్డకర్రని దాటి ఆకాశంలోకి పోతాయి. కర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. దేశం మొత్తం మీద గొప్పగా ఆడేవాడిక్కూడా పైసా ఇవ్వరట. వాడు ఆదివారం ఆడి, సోమవారం పొద్దున్న ఆవులకి పాలు పితుక్కుంటాడు.

వానలో గంటసేపు నిలబడ్డానేమో, అరవై దాటిన ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు కాన్. ఒకప్పుడు ఇక్కడే చదివి, ఆడి, ఇప్పుడు జట్టుని చూసుకుంటున్నాడు. "గొడుగు లేకుండా ఇంతసేపు నిలబడ్డావంటే ఆటంటే ప్రాణమున్నవాడివి" అని, నాకొక తెల్లకోటు తొడిగి, చేతికి రెండు జెండాలిచ్చి, గోల్ పక్కన నిలబెట్టాడు. పాయింటుకి తెల్లజెండా, గోలుకి పచ్చజెండా ఊపాలి. గొడుగు చచ్చిపోయి నాకు ఉద్యోగం ఇచ్చింది. జీతం లేదనుకో.

ఫోటో పెడుతున్నాను. అక్కకి చూపించు.

జెండాలు ఊపే నీ బావమరిది,
పాండు

తుని
29 అక్టోబరు 2000

ఒరేయ్ పాండూ,

నీ ఉత్తరం చేరింది. ఫోటో నాకంటే ముందు మీ అక్క చేతిలో పడింది. తెల్లకోటు చూసి, తమ్ముడికి కార్క్‌లో పెద్దాసుపత్రిలో ఉద్యోగమొచ్చిందని వీధి వీధంతా చెప్పేసింది. "అది కాదే" అంటే "మీకెప్పుడూ నా పుట్టింటివాళ్లంటే చులకనే" అంది. మా ఎదురింటావిడ మోకాలి నొప్పి వివరాలు వేరే కాగితం మీద రాసి పెట్టింది. మందు పంపించు.

ఇక నీ ఆట సంగతి. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నవాణ్ని నేను. చేత్తో పట్టుకుంటే ఫౌలని నర్సరీ పిల్లాడికీ తెలుసు. గొప్ప ఆటగాడు పాలు పితుకుతాడా? నువ్వు రైల్వే టీముకి సెలెక్టయ్యావని టెలిగ్రామిస్తే, పూలదండ పట్టుకుని తుని స్టేషన్లో నిలబడ్డవాణ్ని నేనేరా. ఆ దండ చివరికి స్టేషను మాస్టరు మెళ్లో వేసి ఇంటికొచ్చాను. నీ మాట మళ్లీ నమ్ముతానా?

కానీ ఈసారి నాకు నీతో పనుంది. మా గ్రౌండు పోయేలా ఉంది. కాలేజీ కమిటీ ఛైర్మన్ కృష్ణమూర్తి గారు, రైస్ మిల్లాయన, తెలుసుగా, గ్రౌండులో కంప్యూటర్ బ్లాకు కట్టిస్తానంటున్నారు. ఇక్కడ అందరికీ అదే పిచ్చి. డిగ్రీ పూర్తి కాకుండానే హైదరాబాదు బస్సెక్కి కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోతున్నారు. గ్రౌండు పోతే నా సంగతేంటండీ అని అడిగాను. "ఏసీ గదుల్లోకి చెప్పులేసుకుని రాకూడదుగదండి మాస్టారూ, గుమ్మం దగ్గర ఎవరో ఒకరు చూసుకోవాలి" అన్నారు ఆయన. వెటకారం కాదురా, నిజంగానే అన్నారు. ఈ వయసులో చెప్పులకి కాపలా.

చిన్న కాలేజీ అంటున్నావు కదా. వాళ్లు ఇన్నేళ్లు గ్రౌండు ఎలా నిలబెట్టుకున్నారో, ఆ చరిత్ర రాయి. నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికి నిజం రాయి.

బావ,
రాజగోపాల్

బాలింకాలిగ్
19 నవంబరు 2000

వీధి వీధంతా కీర్తించబడుతున్న డాక్టరు పాండురంగ రాయునది:

ఎదురింటావిడకి మెట్లెక్కొద్దని చెప్పు. ఫీజు నువ్వు వసూలు చేసుకో.

బావా, చెప్పుల మాట చదివి కాసేపు నవ్వలేకపోయాను. మంగ "ఏమైంది, అంత బుద్ధిగా కూచున్నావు?" అని నుదురు పట్టి చూసింది.

కాన్‌ని అడిగాను. నా ఇంగ్లీషు నీకు తెలుసు, సగం చేతులతో మాట్లాడతాను. ఆయన ఇంగ్లీషు పాటలా ఉంటుంది, సగం నాకు అందదు. అయినా కాలేజీ వరండాలోకి తీసుకెళ్లాడు. తలుపు మూసుకోకుండా ఒక ఇనుప దిమ్మ అడ్డం పెట్టి ఉంది, ఉంగరమున్న దిమ్మ. ఒకప్పుడు పిల్లలు దాన్ని ఒంటిచేత్తో విసిరే పోటీలుండేవట. నేను లేపబోయాను. అది లేవలేదు కానీ నా నడుములో ఏదో లేచింది. కాన్ "గ్రాండ్, గ్రాండ్" అని వీపు తట్టాడు. ఇక్కడ చచ్చిపోతున్నా గ్రాండే అంటారు.

తలుపు దాటాక గోడ చూశాను. వరండా పొడవునా ఏడాదికొకటి చొప్పున ఫోటోలు. 1904 నుంచి. పదిహేను మంది, చేతులు కట్టుకుని, నువ్వెవడివిరా అన్నట్టు చూస్తుంటారు. మొదట్లో చొక్కాలు ఇళ్లల్లో కుట్టినవి, ఒక్కోటి ఒక్కో తీరు. కొన్నేళ్లు బూట్లు లేనివాళ్లు వెనక వరసలో నిలబడ్డారు. ముక్కులు చూడాలి బావా! ఒకే ముక్కు తాతకీ, కొడుక్కీ, మనవడికీ, ముప్ఫయ్యేళ్లకోసారి గోడ మీద తిరిగొస్తుంది. ఇన్నేళ్లలో ఈ కాలేజీ గెలిచిన కప్పు ఎన్నో తెలుసా? ఒకటి. 1947లో. ఆ ఒక్కదాన్నీ అద్దాల పెట్టెలో దేవుడిలా పెట్టుకున్నారు. మిగతా ఏళ్లంతా ఓడిపోతూ, మళ్లీ మర్నాడు గడ్డి కోసుకుంటూ ఉన్నారు. గుడికి పోతే రాని భయం నాకక్కడ వచ్చింది. చెప్పులు విప్పేశాను. కాన్ ఏమనుకున్నాడో ఏమో, ఆయనా టోపీ తీశాడు.

1957 దగ్గర ఫోటో లేదు. వట్టి మేకు ఉంది. అప్పట్లో ఈ దేశంలో పనుల్లేక కుర్రాళ్లంతా ఓడెక్కి ఇంగ్లండు పోయారు. ఆ ఏడాది కాన్ కెప్టెన్. జట్టులో పదకొండు మందే మిగిలారు. మిగతా నలుగురూ అంతకుముందు వారమే ఓడెక్కేశారు. అయినా మ్యాచ్ మానలేదు. వెళ్లిపోయిన నలుగురి చొక్కాలూ తెచ్చి, వాళ్లు నిలబడే చోట గడ్డి మీద పరిచి, చేతులు చాపి పెట్టి ఆడారు. అవతలి జట్టువాడు ఒక్కడూ ఆ చొక్కాలు తొక్కలేదు. ఆ జట్టుని ఎలా ఫోటో తియ్యాలో తెలియక ఆ ఏడాది మేకు అలాగే వదిలేశారు.

ఇప్పుడు చూడు, కంపెనీలు వచ్చాయి, పోయినవాళ్లు పిల్లాపాపలతో తిరిగొస్తున్నారు. జట్టులో చోటు కోసం కొట్టుకుంటున్నారు. గ్రౌండుంది కాబట్టేగా తిరిగొచ్చింది.

నడుము పట్టేసిన,
పాండు

తుని
22 డిసెంబరు 2000

ఒరేయ్ పాండూ,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. చొక్కాల దగ్గర ఆవిడ పొయ్యి మీద పాలు మర్చిపోయింది. నేను మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

బంతి చేత్తో పట్టుకుంటారన్నది నమ్మను. ఇన్నేళ్లకీ ఒక్కటే కప్పంటే, ఏ కాలేజీవాడూ దాన్ని అద్దాల పెట్టెలో పెట్టుకోడు, దాచుకుంటాడు. అదీ నమ్మను. కానీ చొక్కాల మాట నమ్మాను. ఎందుకంటే నువ్వు అబద్ధమాడితే అందులో నువ్వే హీరోవి. ఇందులో నువ్వెక్కడా లేవు.

కమిటీలో మాట్లాడాను. కృష్ణమూర్తి గారు తేల్చేశారు. "పదకొండు మందిని నిలబెట్టలేని టీముకి అంత స్థలమెందుకండి? మార్చిలో కాలేజీ డే మ్యాచి ఉంది. టీము దిగితే చూద్దాం. దిగకపోతే మర్నాడు కొలతల తాడు దిగుతుంది." ప్రస్తుతానికి లెక్కకి సరిగ్గా పదకొండు మంది ఉన్నారు. రోజూ పొద్దున్న లేచి, ఎవడు బస్సెక్కాడో అని భయపడుతూ గ్రౌండుకి పోతున్నాను.

ఆ కాన్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన కాలేజీలాంటిదే నాదీ అని చెప్పు.

బావ,
రాజగోపాల్

బాలింకాలిగ్
5 మార్చి 2001

బావా,

ఈసారి ప్రకటనలూ బాజాలూ లేవు. ఇక్కడ ఆటలన్నీ ఆపేశారు. పశువులకి గాలికుంటు జబ్బు. పక్కదేశంలో వచ్చింది, ఇక్కడికీ సరిహద్దు దాకా వచ్చేసిందని దేశమంతా వణికిపోతోంది. ఆటగాళ్ల బూట్ల మట్టిలోంచి ఊరి నుంచి ఊరికి అంటుతుందని ఒక్క మ్యాచి జరగనివ్వడం లేదు. మా కాలేజీ పిల్లలంతా రైతుబిడ్డలు, చాలామంది ఇళ్లకి పోయి గేట్లు వేసుకుని కూచున్నారు. కాలేజీ గుమ్మంలో మందు తడిపిన చాప వేశారు, బూట్లు దాని మీద తుడుచుకుని లోపలికి పోవాలి. చాప దగ్గర కాపలా ఎవరనుకున్నావు? నేనే. తెల్లకోటేసుకుని. వర్షిత చూసి "డాడ్, యూ లుక్ లైక్ ద బుచర్" అని దాని ఐరిష్ యాసలో నవ్వి పోయింది. నువ్వు చెప్పుల దగ్గర, నేను బూట్ల దగ్గర. అక్క అదృష్టవంతురాలు.

ఖాళీ గ్రౌండు చూడలేకపోతున్నాను బావా. కాన్ రోజూ వచ్చి కంచె పట్టుకుని నిలబడతాడు. లోపల అడుగు పెట్టడు.

అన్నట్టు, ఆ చొక్కాల సంగతి కమిటీ వాళ్లకి చెప్పమాకు. ఎందుకో తర్వాత చెప్తాను. మంగ వచ్చేసింది, కుక్కరు దించాలి.

పాండు

తుని
18 మార్చి 2001

ఒరేయ్ పాండూ,

గేదెలకి గాలికుంటు వస్తే ఫుట్‌బాల్ ఆపేస్తారా? ఎంతకి దిగావురా! మా వెటర్నరీ డాక్టరుకి చదివి వినిపిస్తే నవ్వలేక దగ్గొచ్చింది. చొక్కాల సంగతి చెప్పొద్దన్న నీ ఉత్తరం నిన్ననే చేరింది, అప్పటికే అందరికీ చెప్పేశాను. పోనీలే, నీ అబద్ధాలన్నీ ఈ రోజు మాఫీ. విను.

మొన్న కాలేజీ డే. ముందు రోజు సాయంత్రం దాకా పదకొండు మందీ ఉన్నారు. తెల్లారేసరికి ఏడుగురు. నలుగురు హైదరాబాదు బస్సెక్కేశారు. కోర్సులో సీట్లు వచ్చాయట. చెప్తే నేను బాధపడతానని, చొక్కాలు మడతపెట్టి నా సైకిల్ క్యారియర్‌కి కట్టి వెళ్లారు. ఏడుగురికి ఒక్కడు తగ్గినా రూలు ప్రకారం మ్యాచి లేదు.

ఆ మడతలు చూశాక నాకింకేమీ తోచలేదు. నీ ఉత్తరమే తోచింది. గ్రౌండులోకి వెళ్లి, ఎవడి స్థానంలో వాడి చొక్కా పరిచాను, చేతులు చాపి. జనం మొదట నవ్వారు. "మాస్టారు బట్టలారేస్తున్నారండోయ్!" అని ఎవడో అరిచాడు. కృష్ణమూర్తి గారు మైకులోనే "ఏంటండి ఇది మాస్టారూ?" అన్నారు. మైకు దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఐర్లాండు దేశంలో కిల్‌బ్రాకన్ అని మనలాంటి చిన్న కాలేజీ ఉందండీ, ఊళ్లో కుర్రాళ్లంతా పనులకి పోతే వాళ్లు ఇలాగే ఆడారండీ, గ్రౌండు మాత్రం వదల్లేదండీ, ఇవాళ ఆ పిల్లలంతా తిరిగొచ్చారండీ అని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆట మొదలైంది. అవతలిది పెద్ద కాలేజీ. గోల్స్ లెక్కపెట్టడం నేనే మానేశాను. మా రైట్ బ్యాక్ యోనాకి మడమ బెణికింది. వాడు బయటికొస్తే ఆరుగురే, ఆట అయిపోయినట్టే. "వస్తావేంట్రా?" అంటే "ఎక్కడికండీ?" అని కుంటుతూ వెళ్లి గోల్లో నిలబడ్డాడు. అప్పుడు జరిగిందిరా. అవతలి ఫార్వర్డు బంతి తీసుకుని దూసుకొస్తున్నాడు, ఎదురుగా మనిషే లేడు. బస్సెక్కిన మల్లేశ్ చొక్కా ఉంది. దాని ముందుకొచ్చి ఆగిపోయాడు. బంతిని పక్కకి తీసుకుని, చొక్కా చుట్టూ తిరిగి వెళ్లాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. జనమంతా లేచి నిలబడ్డారు. ఈల నా నోట్లోనే ఉండిపోయింది.

ఆట అయ్యాక కృష్ణమూర్తి గారు చెప్పులు గట్టున వదిలి లోపలికొచ్చారు. ఒక చొక్కా తీసి గడ్డి దులిపారు. "ఫారిన్‌లోనూ ఇలాగే చేశారంటారా?" అన్నారు. "అవునండీ" అన్నాను. చొక్కా మడతపెట్టి నా చేతికిచ్చి, "అయితే మనం మాత్రం ఎందుకు వదులుకోవాలండి? కంప్యూటర్లు సైకిల్ స్టాండు మీద అంతస్తేసి పెడదాం" అన్నారు.

గ్రౌండు ఉందిరా పాండూ!

ఆయనకి ఒక్కటే కోరిక. ఆ కాలేజీ వాళ్ల చొక్కా ఫోటో కావాలట, కమిటీ రూములో కట్టించడానికి. మల్లేశ్ చొక్కా పార్సెల్ చేస్తున్నాను, ఉతకలేదు, గడ్డి మరక ఉంది. కాన్ గారికి నా గురుదక్షిణ అని ఇవ్వు.

నీ బావ,
రాజగోపాల్

బాలింకాలిగ్
15 ఏప్రిల్ 2001

మహారాజశ్రీ రాజగోపాల్ బావగారికి, మీరు అని రాయాలనిపించి,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. మంగ వచ్చి అన్నం మాడిందని అరిచింది. తనకీ చదివి వినిపించాను. అరవడం మానేసి, మాడిందే వడ్డించుకుంది.

చొక్కా పట్టుకుని కాన్ ఇంటికి వెళ్లాను. వచ్చిన ఇంగ్లీషంతా పోసి, రానిచోట చేతులూ కాళ్లూ వాడి, తుని మ్యాచంతా ఆయన ముందు ఆడి చూపించాను. యోనా కుంటడం కూడా. ఆ ఫార్వర్డు చొక్కా చుట్టూ తిరిగిన చోట కాన్ కుర్చీలోంచి లేచాడు. లేచి నిలబడే ఉన్నాడు. ఈసారి గ్రాండ్ అనలేదు. ఒక్కటే అడిగాడు: "మీ బావకి ఈ ఆలోచన ఎలా వచ్చింది?"

జవాబు చెప్పాను. ఏం చెప్పానో కింద రాస్తాను. విన్నాక ఆయన చొక్కా తీసుకుని, కోటేసుకుని, నాతో కాలేజీకి నడిచాడు. మందు చాప మీద ఇద్దరం బూట్లు తుడుచుకున్నాం. వరండాలో 1904 నుంచీ అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఆయన తిన్నగా 1957 దగ్గరికి వెళ్లి, వట్టి మేకుకి మన మల్లేశ్ చొక్కా తగిలించాడు. తుని కాలేజీ అని తెలుగులో ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి, చదవమన్నాడు. చదివాను. నా వెనకాల ఆయనా అన్నాడు. నోరు తిరగలేదు. ఎంత బాగుందో!

ఇన్నాళ్లూ చూసిన వింతలన్నీ ఆ గోడ ముందు చిన్నవైపోయాయి బావా. గడ్డి మరక మనది, గోడ వాళ్లది.

ఫోటో పంపుతున్నాను. కృష్ణమూర్తి గారికి చూపించండి. ఐర్లాండు కాలేజీ వరండాలో, 1957 కింద, గోడకి చొక్కా ఉంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మరీ దగ్గర్నుంచి చూడనివ్వకండి, తెలుగు అక్షరాలు కనిపిస్తాయి.

ఇంకోటి. బంతి చేత్తో పట్టుకోవడం నిజం. ఆవుల జబ్బుకి ఆటలు ఆపడం నిజం. ఒక్కటే కప్పు, అదీ నిజం. మీరు నమ్మనివన్నీ నిజాలే. మీరు మాట్లాడకూడదనుకుంటే మాట్లాడకండి. అక్కకి మాత్రం మెల్లగా చెప్పండి.

ఆ రోజు మేకు చూపించి ఫోటో ఏదని కాన్‌ని అడిగితే, "ఆ ఏడాది మనుషుల్లేరు" అన్నాడు. అంతే. జట్టు దిగలేదు. అవతలివాళ్లకి ఊరికే గెలుపిచ్చేసి, కెప్టెన్‌గా తనొక్కడూ గ్రౌండుకొచ్చి, కాసేపు నిలబడి ఇంటికెళ్లిపోయాడట. అంత చిన్న మాట మీకు రాయడానికి నా చెయ్యి రాలేదు. చెప్పుల దగ్గర కూచోబోయే మనిషికి అదేం రాస్తాను? మొన్న కాన్‌కీ ఇదే చెప్పుకున్నాను. నవ్వలేదు, తిట్టలేదు. చొక్కా అందుకున్నాడు.

గడ్డి మీద చొక్కాలు పరిచి ఆడింది లోకంలో మీ ఏడుగురే బావా. కిల్‌బ్రాకన్‌లో అలాంటిదేం జరగలేదు. ఆ నాలుగు చొక్కాలూ పూర్తిగా నేను కల్పించినవి.